తువ్వాలు కింద ఇచ్చిన మాట

"పిల్లోళ్ళను సంతకు పిల్చుకోని పోవల్ల. మాటిచ్చినా."

"నువ్వే లేసి పిల్చుకోని పో. సంత సంగతి నాకేం తెలుసు?"

"నీకు తెలుసులే."

మేమిద్దరం చివరగా మాట్లాడుకున్న మాటలు ఇవే. మదనపల్లె ఆసుపత్రిలో, సాయంత్రం పూట, మా ఆయన మంచం మీద, నేను పక్కన స్టూలు మీద. ఆ మాట అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. నిద్ర పట్టిందనుకుని నేను ఫ్లాస్కు తీసుకుని కాఫీ కోసం కిందికి పోయాను. తిరిగి వస్తుంటే నర్సమ్మ మెట్ల దగ్గరికే ఎదురొచ్చింది.

ఏడుపు సంగతి ఇందులో వద్దని మా తమ్ముడి కూతురికి ముందే చెప్పాను. ఆ పిల్ల కుప్పంలో డిగ్రీ చదువుతోంది. సెలవులకు నా దగ్గరికి వచ్చింది. నాకు సంతకం వరకే వచ్చు, బస్సు బోర్డులైతే కూడబలుక్కుంటాను. అందుకని నేను చెప్తుంటే తను రాస్తోంది. "అత్తా, నువ్వు మాట్లాడినట్టే రాయల్నా?" అని అడిగింది. పుస్తకంలో ఉన్నట్టు చక్కగా రాయమన్నాను. మనుషులు మాట్లాడుకున్నది మాత్రం మార్చొద్దన్నాను. మార్చితే అది వాళ్ళు అన్నట్టుండదు.

నేను పుంగనూరులో ఒక నర్సరీ బడిలో ఆయాను. బస్టాండు వెనక సందులో కింద పిండిమిల్లు, పైన మా బడి. రెండు గదులు, ఒక వరండా, వరండాకు ఇనుప జాలీ. మిల్లు ఆడుతుంటే మా నేల సన్నగా వణుకుతుంది. కొత్తగా చేరిన పిల్లలు మొదట భయపడి ఏడుస్తారు, తర్వాత ఆ వణుకు లేకపోతే నిద్రపోరు. ముక్కులు తుడవడం, ఏ కాలి చెప్పు ఆ కాలికి వేయడం, టిఫిన్ డబ్బాల మూతలు తీయడం నా పని. మూత తీస్తే ఆ ఇంట్లో ఏం వండారో తెలుస్తుంది. ఆ ఇంట్లో పొద్దున గొడవ జరిగిందా లేదా అన్నదీ తెలుస్తుంది. జరిగిన రోజు డబ్బాలో బ్రెడ్డు ఉంటుంది.

నా గొంతు పుట్టుకతోనే గరుకు. తిరగలిలో గులకరాళ్ళు పోసి తిప్పినట్టుందని మా అత్త అనేది. పిల్లలు మాత్రం ఆ గొంతుకు భయపడరు. ఆటలో పులి కావలసి వస్తే పాఠాలు చెప్పే మేడంను పిలవరు, నన్నే పిలుస్తారు.

మా ఆయన సంతలో దళారి. ఆవులు, ఎద్దులు, ఎనుములు అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య నిలబడి బేరం కుదిర్చే మనిషి. మా పక్క సంతల్లో పశువు ధరను నోటితో చెప్పరు. ఇద్దరి చేతుల మీద తువ్వాలు కప్పి, కింద వేళ్ళు పట్టుకుంటారు. ఒక వేలు పడితే ఒకటి, రెండు పడితే రెండు, చెయ్యంతా పడితే ఐదు. చుట్టూ ఎంత మంది మూగినా ఆ ధర ఆ రెండు చేతులకే తెలుస్తుంది. బేరం నడుస్తున్నంతసేపూ ఒకరి ముఖం ఒకరు చూసుకోరు, ముఖం చూస్తే లోపలి ఆశ బయటపడుతుందని. ఒకడు ఆకాశం చూస్తాడు, ఇంకొకడు పశువు తోక చూస్తాడు. కుదిరాక చెయ్యంతా పట్టి గట్టిగా నొక్కుతారు. అమ్మేవాడు "ఇచ్చేసినా" అని పలుపు వదిలేస్తాడు. ఆ తర్వాత మాట వెనక్కి పోదు. చెయ్యి ఇచ్చేసిన పశువును మరొకరికి అమ్మితే అది ఆ ఇంట్లో నిలవదని అందరికీ నమ్మకం.

ఆ తువ్వాలు భాష మా ఇంట్లోకి కూడా వచ్చింది. చెప్పాపెట్టకుండా చుట్టాలు దిగితే ఆయన భుజం మీది తువ్వాలు నా చేతి మీదికి జారవిడిచేవాడు. కింద నా వేళ్ళు పట్టేవాడు. వాళ్ళు "మేము తినేసే వచ్చినామమ్మా" అంటూనే ఉండేవాళ్ళు, నా చేతిలో మూడు వేళ్ళు ఉండేవి. నేను పోయి మూడు గ్లాసుల బియ్యం కడిగేదాన్ని. ఇంట్లో బియ్యం నిండుకున్న రోజు వేళ్ళన్నీ విప్పి, నా అరచేతిని ఆయన అరచేతికి ఆనించి తీసేసేదాన్ని. అది ఆయనే నేర్పాడు. "లేదని నోటితో యాల చెప్పేది? అరచెయ్యి పెట్టు, నాకర్థమైపోతాది" అన్నాడు పెళ్ళయిన కొత్తలో. నేను అరచెయ్యి పెట్టిన రోజు ఆయన లేచి నిలబడి, "రాండప్పా, హోటలుకు పోదాం. ఈమె వంట నేను దినామూ తినేదే" అనేవాడు. వాళ్ళు నవ్వుకుంటూ లేచేవాళ్ళు.

సంత లేని రోజుల్లో ఆయన మధ్యాహ్నం బడికి వచ్చేవాడు, నేను మరిచిపోయిన తమలపాకులు ఇచ్చే నెపంతో. పిల్లలు జాలీ దగ్గరే కాచుకుని ఉండేవాళ్ళు. వరండాలో కూర్చుని తువ్వాలు కప్పి ఒక్కొక్కరినీ అడిగేవాడు.

"పొద్దన ఎన్ని ఇడ్లీలు తిన్యావు? నోరు తెరవొద్దు. ఏలు పట్టు."

పిల్ల లోపల వేలు పట్టేది. ఆయన ఆకాశం చూసి ఆలోచించి, "ఒకటిన్నర. ఆ సగం కుక్కకు దాచిపెట్టినావు" అనేవాడు. ఎలా తెలిసిందా అని పిల్లలు నోళ్ళు తెరిచేవాళ్ళు. ఇడ్లీ ముక్కలు జేబుల్లో కనిపిస్తూనే ఉండేవి.

రెండు పిలకలు వేసుకునే ఒక పాప ఉంది. మాట తక్కువ, పట్టు ఎక్కువ. ఒకరోజు ఆ పాప అడిగింది. "తాతా, ఆవును కూడా ఇట్లనే కొంటారా?"

"ఇట్లనే."

"మాకు సూపిస్తావా?"

"సూపిస్తా. అందరినీ సంతకు పిల్చుకోని పోతా."

"ఒట్టు?"

"సంతోనికి ఒట్టెందుకమ్మా? చెయ్యిస్తా, పట్టు" అని తువ్వాలు కింద ఆ పాప చేతిని గట్టిగా నొక్కాడు. అది చూసి మిగతా పిల్లలందరూ వరుసగా వచ్చి చేతులు పెట్టారు. అందరి చేతులూ నొక్కాడు. నేను డబ్బాలు కడుగుతూ, "అంతమందికి చెయ్యిచ్చినావే, ఎట్ల తీరుస్తావు?" అన్నాను. "ఎట్లనో ఒగట్ల" అని నవ్వుకుంటూ పోయాడు.

ఆయన పోయాక, కర్మలన్నీ అయ్యాక నేను మళ్ళీ బడికి పోయాను. ఇంట్లో కూర్చుంటే గోడలు తప్ప ఏమీ కనబడేది కాదు. పిల్లలు చుట్టూ మూగారు. "తాత యాడ?" అన్నారు. పైకి పోయినాడని చెప్పాను. ఒక పిల్లవాడు మిద్దె మెట్ల దగ్గరికి పరిగెత్తి తలెత్తి చూసి వచ్చాడు. "పైన ఎవురూ లేరు. నీళ్ళ ట్యాంకే ఉండాది" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. అప్పుడు రెండు పిలకల పాప నా కొంగు లాగింది.

"అయితే సంతకు ఎవురు పిల్చుకోని పోతారు?"

నేను చెప్పులు సర్దుతున్నట్టు వంగిపోయాను.

ఆ నెలలోనే మేడం కొత్త పాఠం మొదలుపెట్టింది. మేడం చిన్న వయసు పిల్ల, మదనపల్లె నుంచి రోజూ బస్సులో వస్తుంది. మంచి మనసు, గబగబా మాట. పాఠం పేరు మన ఊరి సహాయకులు. గోడకు పెద్ద చార్టు తగిలించింది. డాక్టరు, పోలీసు, పోస్టుమాను, టీచరు, డ్రైవరు, రైతు, ఒక్కొక్కరికి ఒక్కొక్క బొమ్మ. నేను గది ఊడుస్తూ ఆ చార్టు ముందు ఆగి చూశాను. రైతుకు తలపాగా ఉంది, పక్కన ఎద్దు ఉంది. ఆ ఎద్దు రైతు దగ్గరికి ఎలా వచ్చిందో చార్టులో లేదు.

బొమ్మలు చూపిస్తే చాలదు, ఊళ్ళోకే తీసుకుపోదామని మేడం అంది. పిల్లలు చెదిరిపోకుండా నేను నా పాత ఎర్రచీరను పొడవుగా చించి, తాడులా పురిపెట్టి, దూరం దూరంగా ముడులు వేశాను. ఒక్కో ముడి ఒక్కో పిల్లది. మేడం ముందు కొస పట్టుకుంటే నేను వెనక కొస పట్టుకునేదాన్ని. బజారులో మమ్మల్ని చూసి ఆటోలు ఆగేవి.

పోస్టాఫీసులో ఒకాయన పిల్లల చేతుల వెనక ముద్ర గుద్దాడు. చేయి కడుక్కుంటే పోతుందని ఆ రోజు ఎవ్వరూ అన్నానికి ముందు చేయి కడుక్కోలేదు. పోలీస్ స్టేషన్లో కానిస్టేబులు విజిలు ఇచ్చి ఊదమన్నాడు. ఒక పిల్లవాడు విజిలు పట్టుకోకుండా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "సార్, మా నాయిన్ను పట్టుకోవద్దండి. హెల్మెట్టు మా ఇంట్లోనే ఉండాది. అటక మీద" అన్నాడు. స్టేషనంతా నవ్వింది. కింద మిల్లుకు తీసుకుపోతే అందరూ తెల్లగా బయటికొచ్చి ఒకర్నొకరు గుర్తు పట్టలేదు. ఆ రోజులు నాకు బాగుండేవి. పిల్లలు అడిగే ప్రశ్నలతో నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్న ఊరు కూడా కొత్తగా కనబడేది.

ఒక సాయంత్రం పిల్లలు వెళ్ళాక మేడంతో అన్నాను. "మేడమ్మా, సంతకు కూడా పోదాం."

"సంతకా అక్కా? పేడ, ఈగలు. ఏ ఎద్దో పొడిస్తే వాళ్ళమ్మలకు నేనేం చెప్పేది?"

"మా ఆయన మాటిచ్చినాడు పిల్లోళ్ళకు."

మేడం మరుసటి రోజు గేటు దగ్గర తల్లులను అడిగింది. ఒకామె వెంటనే అంది. "సంతలో ఏముండాది మేడం సూసేదానికి? దళారోళ్ళు. నోరు తెరిస్తే అబద్దం. మావోడు డాక్టర్ను సూడల్ల గానీ దళారిని కాదు."

పక్కనే నేను వంగి ఒక పిల్లకు చెప్పులు వేస్తున్నాను. ఇంకొకామె మోచేత్తో పొడిచింది. అప్పుడు ఆమె నన్ను చూసి, "నిన్ను కాదులేక్కా" అంది. అబద్ధం అన్న మాటకంటే ఆ "కాదులేక్కా" ఎక్కువ గుచ్చుకుంది. ఆ పిల్లకు చెప్పులు కుడి ఎడమైపోయాయి, ఆ పిల్లే నాకు చెప్పి సరి చేయించింది.

ఇంటికి వచ్చి ఆలోచించాను. ఆమె మీద కోపం రాలేదు. ఆయన అంతమంది పిల్లల చేతులు పట్టి నొక్కాడు. ఆ మాట తీరకపోతే ఆమె చెప్పిన దళారే ఆయన అవుతాడు, నోటికొచ్చింది చెప్పి పోయినవాడు అవుతాడు. పిల్లలు రేపు పెద్దవాళ్ళయ్యాక ఆయన ముఖం గుర్తుండకపోవచ్చు, తీసుకుపోతానని పోలేదన్నది గుర్తుంటుంది. నా మనసులో ఉన్నది అదొక్కటే.

మేడం రెండు మూడు రోజులు తల పట్టుకుని చివరికి ఒప్పుకుంది. "రైతుకు పశువులు యాడ నుంచి వస్తాయి అని చెప్పి పిల్చుకోని పోతా. అయితే ఒగ మాట అక్కా. ఒక్క బిడ్డ ఏడ్చినా అప్పుడే ఎనక్కి తిరిగేస్తాం. మళ్ళా నువ్వు సంత మాట ఎత్తకూడదు."

"సరే మేడమ్మా" అన్నాను.

సంతనాడు పొద్దున్నే బయలుదేరాం. ఆయన తువ్వాలు ఉతికి మడిచి నా భుజాన వేసుకున్నాను. తెల్లది, అంచుకు ఎర్ర గీత. ఎర్రచీర తాడు పట్టుకుని పిల్లలు వరుసగా సంత మైదానంలోకి వస్తుంటే ఒక రైతు పెద్దగా అరిచాడు. "ఏమమ్మో! మందను తోలుకోనొచ్చినావా? ఎంతకిస్తావు?"

"అమ్మేదానికి కాదప్పా, ఊరికే మేపుకోని పోయేదానికి" అన్నాను. నా గొంతు విని అతను ఇంకా గట్టిగా నవ్వాడు.

మా ఆయనతో జోడీగా బేరాలు చేసిన భాయ్ ఒకాయన మదనపల్లె నుంచి వస్తాడు. ముందే చెప్పి పెట్టాను. "ఆవో భాబీ, రాండి బిడ్డా రాండి" అని ఎదురొచ్చాడు. ఒక ఎద్దు పెదవి పైకెత్తి, పళ్ళు చూసి వయసు ఎలా చెప్తారో చూపించాడు. హెల్మెట్టు పిల్లవాడు భాయ్ ముందు నిలబడి నోరు బార్లా తెరిచాడు.

"నా వయసు చెప్పు."

భాయ్ కళ్ళద్దాలు సర్దుకుని, గడ్డం పట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. "అన్నీ పాలపళ్ళే. లేగదూడ. దుక్కికి పనికిరాదు, ఇంటికి తోలుకోని పోండి" అన్నాడు. మేడం కూడా నవ్వేసింది. పిల్లలందరూ నోళ్ళు తెరిచి వరుస కట్టారు. నాకు ఊపిరి తేలికైంది. ఇంక భయం లేదనుకున్నాను.

భాయ్ తన తువ్వాలు కప్పి బేరం ఎలా చేస్తారో చూపిస్తున్నాడు. అందరూ అటే చూస్తున్నారు. రెండు పిలకల పాప ముడి వదిలేసి పక్కకు జరిగిన సంగతి నేను గమనించలేదు.

పక్కనే పెద్దతిప్పసముద్రం వైపు నుంచి వచ్చిన ఒక ముసలి రైతు తన పెయ్యదూడను పట్టుకుని నిలబడి ఉన్నాడు. మా ఊరి పేరు పెట్టుకున్న పొట్టి జాతి రక్తం కొంత ఉన్న పెయ్య. పాప ఎత్తే ఉంది. కుప్పం నుంచి వచ్చిన ఒకాయన దాన్ని కొనాలని చూస్తున్నాడు. దళారి లేకుండా ఇద్దరే, ముసలాయన తువ్వాలు కింద. బేరం చాలాసేపు సాగింది. కుప్పం ఆయన వక్క ఉమ్మడానికని చేయి తీసి రెండడుగులు పక్కకు పోయాడు. ముసలాయన చేయి అలాగే తువ్వాలు కింద చాపి, పద్ధతి ప్రకారం ఆకాశం చూస్తూ నిలబడ్డాడు. పాప పోయి ఆ తువ్వాలు కింద చేయి పెట్టింది. మా ఆయన నేర్పినట్టే చెయ్యంతా పట్టుకుని, బలం కొద్దీ నొక్కింది.

ముసలాయన మనసు బేరం మీద ఉంది. పట్టు తగిలింది, నొక్కు తగిలింది. ఏళ్ళ తరబడి అలవాటైన చేయి తిరిగి నొక్కేసింది, నోరు "ఇచ్చేసినా" అనేసింది, ఎడమచేయి పలుపు వదిలేసింది. ఆ తర్వాత కిందికి చూశాడు.

పాప అప్పటికే పలుపు పట్టుకుని ఉంది.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆ పక్క సంతంతా మూగింది. "పాపా, యాడ కట్టేస్తావు పెయ్యను?" అని ఎవరో అడిగారు. "బడిలో" అంది పాప. "మిద్ది మీదనా?" "ఊఁ." నవ్వులే నవ్వులు. కానీ ముసలాయన నవ్వలేదు. తువ్వాలు చేతిలో నలుపుతూ నిలబడ్డాడు. కుప్పం ఆయన మూతి తుడుచుకుంటూ వచ్చి విషయం తెలుసుకుని, "ఏంది తాతా ఇది?" అన్నాడు.

"ఏం చెప్పేదప్పా. చెయ్యి కలిసిపాయ. మాట కూడా అనేస్తి. ఇప్పుడు నీకిస్తే నీ ఇంట్లో అది నిలుస్తాదా?"

"నాకూ వద్దులే. ఇంగొకరికి చెయ్యిచ్చిన గొడ్డును నేనెట్ల తోలుకోని పోయేది? మా యమ్మ వాకిలి దాటనీదు."

ముసలాయన ముఖం వాడిపోయింది. అంత దూరం నుంచి నడిపించుకొచ్చిన పెయ్య. మేడం ముందుకొచ్చింది. "చిన్నపిల్ల కదండీ, తెలియక చేసింది. పాపా, తాడు ఇచ్చేయ్" అని పలుపు మీద చేయి వేసింది.

పాప వదల్లేదు. "తాత ఇచ్చేసినా అన్న్యాడు" అంది. కింది పెదవి ముందుకొచ్చింది. సన్నగా వణకడం మొదలైంది.

మేడం నా వైపు చూసింది. "అక్కా" అంది, అంతే. ఒక్క బిడ్డ ఏడ్చినా అన్న మాట మా ఇద్దరికీ గుర్తుంది.

నేను భాయ్ వైపు తిరిగాను. "ఇట్లాంటివి ఎప్పుడైనా జరిగితే కలిసిన చెయ్యి ఎట్ల ఇడిపిస్తారు భాయ్?"

"మీ ఆయనే ఇడిపించేవాడు భాబీ. కొట్లాటకొచ్చిన బేరాలన్నీ ఆయన దగ్గరికే తెచ్చేవాళ్ళు. ఏం చేసేవాడో నాకెట్ల తెలుస్తాది? టవలు కిందిది కదా, బయటికి కనబడదు."

అప్పుడు నాకు ఆసుపత్రి గది గుర్తొచ్చింది. నీకు తెలుసులే అన్నాడు. ఏం తెలుసు నాకు? బియ్యం కడగడం తెలుసు. బియ్యం లేకపోతే అరచెయ్యి పెట్టడం తెలుసు.

అదేనా?

ముందు పాప దగ్గర కూర్చున్నాను. "ఈ పెయ్యమ్మకు గడ్డి కావల్ల. మన బడిలో ఏముండాది?"

పాప ఆలోచించింది. "పిండి."

"పిండి తింటాదా?"

"తింటాది. తుమ్ములొస్తాయి దానికి."

"ఈ మామ ఇంట్లో గడ్డి ఉండాది. మనమే ఇడిపిద్దామా దాన్ని? నువ్వు కొనింది కాబట్టి నువ్వే ఇడిపించల్ల. నాతో చెయ్యి పెట్టు."

పాప పెయ్యను చూసింది, కుప్పం ఆయనను పైనుంచి కిందికి చూసింది. "గడ్డి నిజంగా ఉండాదా?" అని అడిగింది. "మడి గట్ల మీదంతా గడ్డేనమ్మా" అన్నాడు ఆయన, చేతులు కట్టుకుని, కలెక్టరుకు చెప్పినంత మర్యాదగా. సరే అని తల ఊపింది.

ఆడది సంతలో తువ్వాలు కింద చేయి పెట్టడం నేను ఎన్నడూ చూడలేదు. మూగిన జనం నవ్వులు ఆపేశారు. నా చేయి ముందుకు పోలేదు. ముసలాయనే అన్నాడు. "నా బిడ్డ లాంటిదానివి. పెట్టు కూతురా."

మా ఆయన తువ్వాలు నా భుజం మీద నుంచి తీసి కప్పాను. పాప చేయి నా చేతిలో పెట్టుకుని కిందికి పోనిచ్చాను. ముసలాయన ఆకాశం చూశాడు. నేను పెయ్య చెవి చూశాను. అక్కడ ఒక ఈగ వాలి లేస్తోంది. వేళ్ళన్నీ విప్పాను. పాప చిట్టి వేళ్ళు కూడా విప్పాను. ఏ వేలూ పట్టకుండా ఇద్దరి అరచేతులూ ముసలాయన అరచేతికి ఆనించాను. ఆ చేయి పలుగురాయిలా గరుకుగా, వెచ్చగా ఉంది. ఒక ఊపిరి సేపు ఉంచి తీసేశాను. బియ్యం లేని రోజు తీసినట్టే తీశాను.

ముసలాయన ఆకాశం మీద నుంచి చూపు దించాడు. పద్ధతి మరిచి నేరుగా నా ముఖంలోకి చూశాడు.

"ఇదే" అన్నాడు. "ఆ మహానుభావుడు ఇట్లనే చేసేవాడు. నా ఎద్దుల బేరం ఒకటి ఇడిపించినాడు. నువ్వెవరమ్మా?"

"ఆయన పెండ్లాన్నే" అన్నాను.

ముసలాయన తన తువ్వాలు తలకు చుట్టుకుని, "ఇడిపోయినాది! అందరూ ఇనండప్పా, ఇడిపోయినాది!" అని అరిచాడు. భాయ్ తన అరచేతిని విప్పి చూసుకుంటూ నిలబడ్డాడు. తర్వాత కుప్పం ఆయనతో మళ్ళీ బేరం, మళ్ళీ తువ్వాలు, మళ్ళీ ఆకాశం. ఈసారి పిల్లలందరూ చుట్టూ నిలబడి, ఊపిరి బిగపట్టి, వాళ్ళ పద్ధతి ప్రకారం తలలెత్తి ఆకాశం చూశారు. "ఇచ్చేసినా" అని ముసలాయన అనగానే పిల్లలు చప్పట్లు కొట్టారు. పాప పోయి పెయ్య నుదురు తడిమి వచ్చింది. ఏడవలేదు.

వెనక్కి వస్తుంటే మేడం వరుస ముందు నుంచి వచ్చి నా పక్కన నడిచింది. తాడు ముందు కొస హెల్మెట్టు పిల్లవాడి చేతిలో పెట్టింది. "అక్కా, ఆయన పనికి చార్టులో బొమ్మ లేదే. ఏం గీసేది?" అని అడిగింది.

"ఒగ టవలు గీయండి" అన్నాను.

గీసింది. పోలీసుకూ పోస్టుమానుకూ మధ్య, కింద ఏదో దాచినట్టు ఉబ్బెత్తుగా ఒక తెల్ల తువ్వాలు, ఎర్ర అంచు. ఇదెవరు అని మేడం అడిగితే పిల్లలంతా ఒక్కసారిగా "తాత!" అంటారు. ఏం చేస్తాడు అంటే మాత్రం ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్తారు. ఆవులమ్ముతాడని ఒకరు, ఇడ్లీలు లెక్కపెడతాడని ఇంకొకరు. సంతకు పిల్చుకోని పోతాడు అని రెండు పిలకల పాప చెప్తుంది. ఎవరు తీసుకుపోయారో ఆ పాపకు బాగా తెలుసు. అయినా తాతే అంటుంది. నేను సరిచేయను.

ఇప్పుడు బడిలో నోటితో ఎవరూ ఏదీ అడగరు. పెన్సిలు కావాలన్నా బిస్కట్టు కావాలన్నా చేతిరుమాలు కప్పి వేళ్ళు పట్టుకుంటారు, తలలెత్తి ఫ్యాను చూస్తారు, "ఇచ్చేసినా" అంటారు. మొన్న గేటు దగ్గర, డాక్టర్ను చూడాలన్న తల్లి నన్ను ఆపింది. ఏమంటుందో అనుకున్నాను.

"అక్కా, మావోడు నోరు తెరిచి అడగడమే మానేసినాడు. పొయ్యి కాడికొచ్చి నా చెంగు కింద ఏలు పడతాండాడు. నిన్న చెయ్యంతా పట్టి నొక్కినాడు. ఐదు దోసెలు పోస్తి."

"తిన్న్యాడా?"

"యాడ! రెండు తిని, నా చేతికి అరచెయ్యి ఆనించినాడు. ఇదేందిరా అంటే, ఇడిపించినా అంటాడు." ఆమె నవ్వింది. కాస్త ఆగి, "మిగిలినవి మా ఆయన తినేసినాడులే" అంది. "మీ ఇంటాయన మంచోడంట కదక్కా. మావోడు చెప్పినాడు."

"మంచోడే" అన్నాను. ఇంకేదో అందామనుకున్నాను గానీ ఆమె కొడుకు నా చేయి పట్టుకుని కొంగు కిందికి లాగుతున్నాడు. లోపల ఒక వేలు పట్టాడు. ఒక్క చెప్పు దొరకలేదంట.

అంతే, ఇంక చెప్పేది లేదు. పొద్దున పోతాను, మూతలు తీస్తాను, నేల వణుకుతుంటుంది, పిల్లలు నిద్రపోతారు. ఆయన ఎంతమందికి చెయ్యి ఇచ్చాడో అంతమందీ సంత చూశారు. నా కడుపు చల్లగా ఉంది.

రాసి రాసి చేయి నొప్పి పుట్టిందా పాపా? ఇంక ఒకే పని. ఆ ఆసుపత్రి మాటల్లో మొదట ఆయన మాట, తర్వాత నాది, మళ్ళీ ఆయనది. ఆ వరుస తప్పకుండా పడిందో లేదో నాకు తెలియాలి. ఏదీ, మొదటి నుంచి చదివి వినిపించు. కొంచెం గట్టిగా చదువు, కుక్కరు కూస్తాండాది.